తెలుగు రంగస్థలమున రాజకీయవాదము: ఇబ్రహీం కుతుబ్షా పాత్ర

హైదరాబాదునకు ఆగ్నేయముగా, నాగార్జునసాగరమునకు పోవు బాటమీద, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నమను ఊరు కలదు. ఊరికంటె ఊరి పెద్దచెరువు ప్రసిద్ధము. ఊరి పేరున నిలిచియున్న ఇబ్రహీము, క్రీ.శ. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్షా. హుసేన్‌సాగరము త్రవ్వబడినదియు, మూసీనదిపై పురానాపూల్ కట్టబడినదియు ఈయన కాలముననే. తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి ఈయన మల్కిభరాముడుగా పరిచితుడు.

ఈ ప్రభువు దక్కను చరిత్రలో 16వ శతాబ్దిని కలచివేసిన మహావివాదమున రెండువైపుల నిలిచినవాడు. యౌవనమున విజయనగరమున అళియ రామరాయల యింట శరణార్థి. 1565లో ఆ రామరాయలపై దండెత్తిన సుల్తానుల కూటమిలో భాగస్వామి. మధ్యనున్న ఇరువది రెండేండ్లలో నడచిన రాయబారములు, ఒడంబడికలు, మాట తప్పుటలు, అవమానములు ఒక గొప్ప రాజకీయ నాటకమునకు చాలిన వస్తువు. అట్టి నాటకమును తెలుగున ప్రదర్శింపబూనినచో మొదట ఎదురగు ప్రశ్న చూపునకు చిన్నది: ఇబ్రహీము పాత్ర ఏ భాషలో మాటలాడవలెను? ఈ ప్రశ్నకు మన నాటకకర్తలు అలవాటుగా నిచ్చుచు వచ్చిన సమాధానము చరిత్రకు విరుద్ధమనియు, ఆ సమాధానమువలన రాజకీయవాదమున ఒక పక్షము నోరు మూతపడినదనియు చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

రాజకీయవాదమును రంగముపై నిలుపుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. భారతమున ఉద్యోగపర్వము మనకు దొరకిన తొలి రాజకీయ చర్చాగ్రంథమన్న తప్పులేదు. సంజయుని రాయబారము, శ్రీకృష్ణ రాయబారము, ధృతరాష్ట్రుని సభలో భీష్మ ద్రోణ విదురుల మాటలు, దుర్యోధనుని ప్రత్యుత్తరము, ఇవి యన్నియు రాజ్యమెవరిది, భాగమెంత, యుద్ధమున కెవరు బాధ్యులు అను ప్రశ్నలపై నడచిన వాదములు. తిరుపతి వేంకటకవులు ఈ వస్తువునే పాండవోద్యోగ విజయములుగా సంతరింపగా ఊరూర ఆ పద్యములు పాడని నటుడు లేకపోయెను. అచ్చట దుర్యోధనునకు గూడ బలమైన పద్యములున్నవి. అతడు తన పక్షమును తాను చెప్పుకొనును. ప్రేక్షకుడు కృష్ణునివైపే నిలిచినను, సుయోధన పాత్రధారి పద్యమునకు గూడ వన్స్‌మోర్ పడుట మన పెద్దలెఱుగుదురు. అయితే ఈ వన్స్‌మోర్‌లే తరువాత తరువాత చెరుపును చేసినవి. రాగము సాగినకొలది వాదము కుంగెను. ఒకని పద్యమునకు రెండవవాడు బదులు చెప్పవలసిన చోట, మొదటివాడే మరల అందుకొనుచుండుటచే సభ సంగీతసభ యయ్యెను. ఈ మాట నటులను తక్కువ చేయుటకు చెప్పుట లేదు. హార్మోనియము శ్రుతిపై తెల్లవాఱువఱకు జనమును కూర్చుండబెట్టగలిగినవారు వారే.

పురాణమునుండి చరిత్రకు వచ్చుసరికి పరిస్థితి మాఱెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయమును వెలువరించిరి. కాకతీయ ప్రతాపరుద్రుని ఢిల్లీకి పట్టుకొనిపోవుట, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున పోయి ప్రభువును విడిపించి సుల్తానునే బందీగా దెచ్చుట అందలి కథ. చరిత్ర దీనికి సమ్మతింపదు. 1323లో ఓరుగల్లు పడినపిమ్మట ఢిల్లీకి కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు దారిలోనే మరణించెను. కాని ఓడినజాతి తన ఓటమిని రంగముపై గెలుపుగా మార్చుకొనుట లోకమున వింత గాదు. మనకిక్కడ ముఖ్యమైనది శాస్త్రిగారి పాత్రోచితభాషా సిద్ధాంతము. ఉత్తమపాత్రలకు గ్రాంథికమును, చాకలి మొదలగు సామాన్యపాత్రలకు వారివారి వాడుకభాషను, తురుష్కపాత్రలకు ఉర్దూ కలసిన తెలుగును వారు వాడిరి. నాడు పండితలోకమున దీనిపై రేగిన దుమారము విజ్ఞులెఱిగినదే. ఆక్షేపకులందఱును గ్రామ్యము రంగమెక్కినదే యని వగచిరి. తురుష్కపాత్ర భాషపై అంతటి పట్టింపు కానరాలేదు. అది సహజమని యందఱు నంగీకరించినట్లున్నది.

పాత్రకు తగిన భాష యుండవలెనన్న సూత్రము సరియైనదే. లోపము సూత్రమున లేదు, దానిని అనుకరించినవారు చేసిన అన్వయమున గలదు. ఢిల్లీనుండి వచ్చిన సేనానికి తెలుగు రాకుండుట సహజము. అంతమాత్రమున రంగముపైకి వచ్చిన ప్రతి ముసల్మానును వంకర తెలుగు పలుకవలెనను నియమము పుట్టరాదు. అనుకరణములలో ఈ నియమమే స్థిరపడెను. అట్టి భాషలో రెండు పనులు మాత్రము చక్కగా చేయవచ్చును: బెదిరింపవచ్చును, నవ్వింపవచ్చును. వాదింపరాదు. రాజ్యనీతి చెప్పవలసిన నోటికి విఱిగిన వాక్యము నిచ్చిన క్షణముననే ఆ పక్షము వ్యాజ్యము ఓడిపోయినది.

ఇక బళ్ళారి. ఆంధ్రదేశమున చరిత్రాత్మక నాటకమునకు కొలువైన ఊళ్లలో దానికి అగ్రస్థానము. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు ఒకదానితో నొకటి పోటీపడిన కాలమది. శ్రీనివాసరావుగారు (1854–1919) న్యాయవాది. హంపీ శిథిలములకు కూతవేటు దూరమున గల జిల్లాకేంద్రమున నివసించిన ఆయనకు విజయనగర పతనము వస్తువుగా తోచుట సహజము. రామరాజు చరిత్రమను ఆయన నాటకము ఆ వస్తువును రంగముమీదికి తెచ్చెను. అందు పఠాను రుస్తుము పాత్ర ధరించి బళ్ళారి రాఘవ (1880–1946) పొందిన కీర్తి తెలుగు నాటకచరిత్రలో చెఱగనిది. ఈ సంగతి ఒకచో ఆగి ఆలోచింపదగినది. విజయనగర పతనమును చూడవచ్చిన ప్రేక్షకుడు శత్రుపక్షమునకు చెందిన పఠానును తలచుకొనుచు ఇంటికి పోయెను. పద్యముల దీర్ఘరాగమును తగ్గించి వచనమున భావమును పలికించుటయందు రాఘవకు గల పట్టుదల అట్టి పాత్రకు ప్రాణము పోసెను. నటుడు తలచినచో ఎదుటిపక్షమునకు మనుష్యత్వము నీయగలడనుటకు ఇంతకంటె నిదర్శనమక్కఱలేదు. కాని పఠాను ఒక వ్యక్తి. అతని బాధ వ్యక్తిబాధ. కూటమి కట్టిన ప్రభువుల రాజనీతి వేఱు. అది వినవలెనన్న ఇబ్రహీము నోరు విప్పవలెను.

ఈ చోట చరిత్రను కొంత విపులముగా చెప్పక తప్పదు. 1543లో గోలకొండ స్థాపకుడు సుల్తాన్ కులీ హత్యకు గుఱియయ్యెను. ఆ హత్యవెనుక నున్న కుమారుడు జంషీదు గద్దె నెక్కెను. కనిష్ఠుడైన ఇబ్రహీము అప్పుడు దేవరకొండ దుర్గమున నుండెను. ప్రాణభీతితో మొదట బీదరునకు, అటనుండి విజయనగరమునకు పోయెను. సదాశివరాయలు పేరునకు రాజు. అధికారమంతయు అళియ రామరాయలది. ఆయన శరణాగతుని ఆదరించి జాగీరు నిచ్చెను. ఆ జాగీరు పూర్వము అంబర్‌ఖానను సేనానిది. అతడు నిండువీథిలో ఇబ్రహీము నధిక్షేపింపగా ద్వంద్వయుద్ధము జరిగి అంబర్‌ఖాను మడిసెనని ఫిరిస్తా వ్రాసెను. ఏడేండ్లు ఇబ్రహీము ఆ నగరముననే యుండెను. ఇంకొక సంగతి. రామరాయలు సైతము తన యౌవనమున సుల్తాన్ కులీ కొలువున నుండి, ఒక కోటను నిలుపలేకపోయినందున తొలగింపబడినవాడని గోలకొండ చరిత్రకారుడు చెప్పుచున్నాడు. తండ్రి కొలువునుండి తొలగినవాడు కొడుకునకు ఆశ్రయమిచ్చెనన్నమాట. ఇట్టి సంఘటనను కల్పించి వ్రాసినచో విమర్శకులు అసహజమందురు.

1550లో జంషీదు మరణించెను. పసివాడైన సుభానును గద్దెనెక్కించి పెద్దలు కలహించుచుండగా, రామరాయల మద్దతుతో ఇబ్రహీము మరలివచ్చి రాజయ్యెను. నాయకవాడీ సేనలకు పెద్దయైన జగదేవరావు అతనికి తోడ్పడినవారిలో నొకడు. తరువాత ఆ జగదేవరావే విరోధించి బీరారు మీదుగా విజయనగరము చేరెను. ఒకప్పుడు తనకు ఆశ్రయమిచ్చిన గృహముననే ఇపుడు తన శత్రువునకు ఆశ్రయము. ఈ ఘట్టమున ఎవరిని తప్పుపట్టవలెను? శరణన్నవానిని విడువరాదన్న రామరాయల ధర్మమా, నా తిరుగుబాటుదారును నీ వెట్లు పోషింతువన్న ఇబ్రహీము ఫిర్యాదా? రెండింటికిని న్యాయమున్నది. నాటకమునకు కావలసినదియు నిదియే.

రామరాయల నీతి తక్కెడ నీతి. బిజాపురము, అహమ్మదునగరము, గోలకొండ, బీదరులలో ఏ ఒక్కటియు మించిపోకుండ, ఒకప్పుడు ఒకరితోను ఒకప్పుడు వేఱొకరితోను చేరుచు, ప్రతి సంధియందును కొన్ని దుర్గములు సంపాదించుచు నడచెను. తన కుమారుడు మరణించినపుడు బిజాపురపు అలీ ఆదిల్షా పరామర్శకై స్వయముగా విజయనగరమునకు రాగా, రామరాయల భార్య అతనిని కుమారునిగా స్వీకరించెనట. తిరుగు ప్రయాణమున రామరాయలు సాగనంపరాలేదని అలీ మనసున గాయపడెనట. ఇది ఫిరిస్తా మాట. 1563లో కల్యాణి ముట్టడి నాటికి ఇబ్రహీము అహమ్మదునగరము పక్షమున నుండగా రామరాయల సేనలు గోలకొండ సీమను పాడుచేసెను. పానుగల్లు, ఘనపురము, కోవిలకొండ పోయినవి. అలీ తన రాయచూరు, ముద్గలు దుర్గములను తిరిగి యిమ్మని రాయబారి నంపగా రామరాయలు తిరస్కరించి పంపెను. చరిత్రలో నిజముగా జరిగిన రాయబార ఘట్టమిది. ఉద్యోగపర్వపు నీడ మనకు తెలియకుండనే దీనిపై పడును. అయితే ఇచట కృష్ణుడెవరో, దుర్యోధనుడెవరో ఎవరికివారు నిర్ణయించుకొనవలసియుండును.

కూటమిని కూర్చినది గోలకొండ. ఇబ్రహీము పనుపున ముస్తఫాఖాను రెండు కొలువులకును పోయి, తరతరాలుగా కత్తులు దూసుకొనుచున్న బిజాపుర అహమ్మదునగరములకు పొత్తు కుదిర్చెను. హుసేన్ నిజాంషా కూతురు చాందుబీబీని అలీ ఆదిల్షాకిచ్చి, షోలాపురము కట్నముగా నొసగుటయు, అలీ చెల్లెలిని హుసేన్ కుమారుడు ముర్తజాకిచ్చుటయు అందలి ఒప్పందము. 1565 జనవరిలో కృష్ణకావల రక్కసితంగడి సమీపమున యుద్ధము జరిగెను. వృద్ధుడైన రామరాయలు పట్టుబడి హుసేన్ నిజాంషా ఆజ్ఞచే శిరచ్ఛేదమునకు లోనయ్యెను.

ఫిరిస్తా బిజాపుర కొలువున నుండి 17వ శతాబ్ది తొలినాళ్లలో వ్రాసినవాడు. తన ప్రభువుల పూర్వికులు ఒకనాడు రామరాయలతో చెలిమి చేసిన సంగతికి సమర్థన అతనికి కావలసియుండెను. కావున యుద్ధమునకు మతపరమైన అవమానములను కారణముగా పెంచి చెప్పుట అతనికి అనుకూలము. ఆధునికులలో పెక్కుమంది అతని మాటను తలక్రిందులుగా త్రిప్పి, అదే మతయుద్ధమును వేఱొకవైపునుండి చూచిరి. రాబర్ట్ సూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథము తరువాత విజయనగర పతనము మన దేశాభిమానులకు ఒక శోకగీతమయ్యెను. 2005లో రిచర్డ్ ఈటన్ రామరాయల జీవితమును దక్కను రాజకీయముల నడుమ నిలిపి పరిశీలించి, మతమొక్కటే కొలబద్ద కాదని చూపెను. పైన చెప్పిన క్రమము చూచినను ఇది స్పష్టము. ఇరువది రెండేండ్లలో ఎవరు ఎవరితో ఎన్నిసార్లు చేరిరో లెక్కించినచో మతము ఆధారముగా గీచిన గీత ఏ సంవత్సరమునను నిలువదు.

ఇపుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఏడేండ్లు తెలుగు, కన్నడములు చెలామణి యగు రాజధానిలో పెరిగిన ఇబ్రహీము గోలకొండకు వచ్చి ఏమి చేసెను? అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవికి చింతలపాలెమను గ్రామము లభించెను. ఆయన సరదారు పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగన యయాతిచరిత్రమును అచ్చతెనుగున వ్రాసి యిచ్చెను. తొలి అచ్చతెనుగు కావ్యము ఒక ముసల్మాను సరదారు అంకితముగా వెలసినదన్న సంగతి మన పాఠ్యపుస్తకములలో నున్నది, నాటకములలోనికి రాలేదు. తెలుగు కావ్యము విని, కవిని సత్కరించి, మల్కిభరాముడని పిలిపించుకొన్న ప్రభువు, రంగముపై నిలిచి తెలుగు రాక తడబడుట ఏ పాత్రోచితి? శాస్త్రిగారి సిద్ధాంతమునే పట్టి చెప్పినచో, ఇబ్రహీము ఉత్తమపాత్ర. అతనికి సలక్షణమైన తెలుగే తగినది.

భాష ఇచ్చినచో వాదము తానై వచ్చును. నీ యుప్పు తిన్న కృతజ్ఞత నాకున్నది, నా ప్రజల దుర్గములు నీకిచ్చు అధికారము నాకు లేదు అను మాట అతడు చెప్పగలడు. నీకు ప్రాణమిచ్చినవాడను, ఆ ప్రాణముతో నాపైకే వచ్చితివా యని రామరాయలు అడుగగలడు. కృతజ్ఞత వ్యక్తిధర్మము, దుర్గరక్షణము రాజధర్మము. ఈ రెండింటి సంఘర్షణలో ఏది గెలిచినను ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి పోలేడు.

సభలో ఎవరి భాష వినబడవలెనన్న తగవు నాటకమునకే పరిమితము కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా ఇతరభాషలవారు అల్లరిచేసి ఆపిన ఘట్టము తెలంగాణ చరిత్రలో ప్రసిద్ధము. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమునకు అంకురార్పణ జరిగెను. వేదికపై నోరు విప్పనీయని అవమానమెట్టిదో ఆ సభ మనకు నేర్పినది. అట్టివారమైన మనమే మన నాటకవేదికపై మఱియొకని నోరు నొక్కుట విచిత్రము.

తెలుగు నాటకము ఈ దోషమును దాటిన సందర్భములును గలవు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు వ్రాయగా ప్రజానాట్యమండలి ఊరూర ప్రదర్శించిన మాభూమి వానిలో ముఖ్యమైనది. జనగామ ప్రాంతమున దేశముఖునితో భూమికై పోరాడి 1941లో హతుడైన షేక్ బందగీ గాథ దానికి ప్రేరణ. నిజాము రాజ్యమున నడచుచున్న రాజకీయ వివాదమును మతములమధ్య గాక, దున్నువానికిని దొరకును మధ్య నిలిపి చూపుటచే అందు ముసల్మాను రైతు హాస్యపాత్ర కానేరడు. మద్రాసు ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించుట దాని వాదమునకు బలమున్నదనుటకు సాక్ష్యము. బ్రిటిషువారి 1876 నాటి నాటకప్రదర్శన శాసనము చలువవలన పూర్వము మన రచయితలు వర్తమానమును చెప్పదలచి చరిత్ర ముసుగు వేసికొనిరి. ముసుగు తీసివేసినపుడు ఏమగునో మాభూమి చూపినది. నా దృష్టిలో మాభూమికిని ఒక లోపము గలదు: దొర పక్షమునకు అందు బదులు చెప్పు అవకాశము స్వల్పము. పోరాటము నడుమ వ్రాసినవారినుండి అంతకుమించి కోరుట న్యాయము కాదేమో.

రక్కసితంగడి వస్తువు పొరుగున కన్నడమున మరల జీవము పొందినది. గిరీశ కర్నాడు 2018లో రాక్షసతంగడిని ప్రకటించిరి. 2019లో ఆయన మరణించిన సంవత్సరముననే దాని ఆంగ్లరూపము వెలువడెను. తుగ్లక్ వ్రాసిన చేతులే రామరాయలను గూడ మెచ్చుకోలుకును నిందకును నడుమ నిలిపినవి. ఆ నాటకమునకు రామరాయలు కేంద్రము. తెలుగువారికి సహజమైన కేంద్రము ఇబ్రహీమని నాకు తోచుచున్నది. ఏలయన అతని కథలో శరణార్థి, ప్రభువు, రాయబార సూత్రధారి ముగ్గురు నొక్కరే. వినునది తెలుగు సభ.

ఇట్టి నాటకమును ఇబ్రహీంపట్నపు చెరువుగట్టు చెంతనే ప్రదర్శింపబూనిన బృందమునకు ఒకటి రెండు సూచనలు చేయవచ్చును. ఇబ్రహీము పాత్రను బాల్యమునకొకరు, వయసునకొకరుగా విభజింపరాదు. 1543లో దేవరకొండనుండి పాఱిపోయివచ్చిన వాడును, 1565లో కృష్ణకావల డేరాలో కూర్చున్నవాడును ఒకే నటుడుగా కనబడవలెను. విజయనగర ఘట్టములలో అతడు రామరాయలతో తెలుగున మాటలాడవలెను. డేరాలో హుసేన్ నిజాంషా, అలీ ఆదిల్షాలు పారసీకమున సంప్రదించుచుండగా అతడును పారసీకముననే పొడిపొడిగా బదులిచ్చి, ద్వారముచెంత వేచియున్న తన నాయకవాడీ సరదారువైపు తిరిగి, రేపటి వ్యూహమును తెలుగున చెప్పవలెను. అపుడు నదికి ఆవలిగట్టున రామరాయల శిబిరమునుండి వినవచ్చు కేకలు సైతము ఆ భాషలోనే యుండవలెను.